తొమ్మిదో ముక్క

రెండూ పది. ఈ ఇంట్లో గోడ గడియారం రెండూ పది అంటే రెండూ పదే, అర నిమిషం అటూ ఇటూ ఉండదు. ముప్పయ్యేళ్ళు తూనికలూ కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి ప్రతి కొట్టులో తక్కెడనీ అనుమానించిన మావయ్య గడియారం అది, తప్పు నడవడానికి దానికి ధైర్యం చాలదు. అంటే ఇంకా యాభై నిమిషాలు. యాభై నిమిషాల తర్వాత ముందు గదిలో మోకరించే ఆడవాళ్ళందరికీ మా అత్తయ్య నేను కడుపుతో ఉన్నానని చెబుతుంది. నేను కడుపుతో లేను. పొద్దున ఆరున్నరకి లాబ్‌లో, స్టోరు గది పక్కనున్న ఇరుకు బాత్‌రూమ్‌లో, నెలనెలా తెలిసే విధంగానే తెలిసింది. అందులో అనుమానానికి చోటు లేదు. అయినా పట్టపగలు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను, కాళ్ళ కింద అత్తయ్య పెట్టిన రెండు దిండ్లు, మెడ దాకా అత్తయ్య కప్పిన దుప్పటి, పక్కన స్టూలు మీద పళ్ళెం, పళ్ళెంలో ఉడికించిన గుడ్డు సగం. మిగతా సగం నా కడుపులో ఉంది. అదీ, ఒక రొట్టె ముక్కా. ప్రస్తుతానికి నా కడుపులో ఉన్నది అంతే.

రొట్టె ముక్కతోనే వచ్చింది ఇదంతా. శుక్రవారం ఈ ఇంట్లో మూడింటి దాకా మంచినీళ్ళు తప్ప ఏదీ నోటికి తగలకూడదు, ప్రభువు ప్రాణం విడిచిన గంట అది, ఆ గంట కొట్టాక ప్రార్థన, ప్రార్థన అయ్యాక తలా ఒక రొట్టె ముక్క. పొద్దున్నే అత్తయ్య ఒక పెద్ద రొట్టెని తొమ్మిది ముక్కలు కోస్తుంది. ప్రార్థన బృందంలో ఇదివరకు ఎనిమిది మంది, పదకొండు వారాల కిందట పెళ్ళయి వచ్చి నేను తొమ్మిదోదాన్నయ్యాను. నా కోసం రొట్టె పెద్దది కొనలేదు, ముక్కలు పలచబడ్డాయి, అంతే. తొమ్మిది ముక్కల మీదా తెల్లటి గుడ్డ కప్పి, ఆ గుడ్డ అంచులు నాలుగు పక్కలా పళ్ళెం కిందికి మడిచి, చచ్చిపోయినవాళ్ళని సర్దినంత జాగ్రత్తగా వంటింట్లో బల్ల మీద పెడుతుంది. లాబ్‌లో నా డ్యూటీ ఆరు నుంచి ఒంటిగంట దాకా. ఇవాళ ఒంటిగంటన్నరకి ఇల్లు చేరాను, పొత్తికడుపులో నొప్పి, నడుం రెండు ముక్కలవుతోంది, కళ్ళ ముందు చిన్న చిన్న వెండి చేపలు ఈదుతున్నాయి. వంటింట్లోకి నీళ్ళ కోసమే వెళ్ళాను. గుడ్డ కింద నుంచి రొట్టె వాసన వేసింది. నేను పాపం చేయాలని అనుకోలేదు, ఏ ఆలోచనా చేయలేదు, చెయ్యి వెళ్ళింది, గుడ్డ లేచింది, ముక్క నోట్లో ఉంది. నిలబడి, రెండు బుగ్గలూ ఉబ్బించి, గేదెలా నములుతున్నాను. నా వాటా ముక్కే కదా, గంటన్నర ముందు తింటున్నాను, అంతే కదా అని నా తరఫున నేనే వాదించుకుంటుండగా గుమ్మంలో అత్తయ్య.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బావుండేది! తిట్టే మనిషి కాదు, బాధపడే మనిషి, అది ఇంకా కష్టం. కానీ బాధ కూడా పడలేదు. గుడ్డ వైపు చూసింది, నా బుగ్గల వైపు చూసింది, తర్వాత ఆవిడ ముఖంలో ఏదో వెలిగింది, ఎవరో లోపలి గదిలో స్విచ్చి వేసినట్టు. కుర్చీ లాగింది. "కూర్చో. నుంచుని తినకూడదమ్మా ఇంక" అంది. ఇంక! నాకు వెంటనే అర్థమయింది, అర్థం కాలేదని నటించడానికి లేదు. ఈ ఇంట్లో శుక్రవారం మూడింటి లోపల ఆడవాళ్ళు తిన్నది నాలుగే నాలుగు సార్లు, వచ్చిన మొదటి వారంలోనే నాకు ఆ చరిత్ర అప్పజెప్పారు: తొలి బిడ్డ కడుపున పడ్డప్పుడు అత్తయ్య, వదిన కడుపులో ఉన్నప్పుడు అత్తయ్య, మా ఆయన కడుపులో ఉన్నప్పుడు అత్తయ్య, పురిటికి వచ్చినప్పుడు వదిన. కడుపుతో ఉన్నవాళ్ళకి ఉపవాసం లేదని మా కేథలిక్కుల తిరుసభే చెప్పింది. ఆకలేసి తిన్నవాళ్ళ గురించి ఈ ఇంట్లో దాఖలా లేదు. అందుకని ఆవిడకి ఆ రెండో కారణం తట్టనే లేదు. కోడలికి ఆకలేయడం కన్నా కోడలు తల్లి కావడమే ఆవిడకి సులువుగా తోచింది.

చెప్పాల్సింది అప్పుడే. నోట్లో ముక్క ఉంది, మింగి చెబుదామనుకున్నాను. మింగేలోపల స్టవ్ వెలిగింది. గుడ్డు చెబుతుంది కదా గిన్నెలో తను ఉడుకుతున్నానని, టక్ టక్ టక్ మని గిన్నె అంచుకి కొట్టుకుంటూ, ఆ చప్పుడు విన్నాక నోరు పెగల్లేదు. గుడ్డు తిన్నాక చెబుదామనుకున్నాను. ఇంత సిగ్గులేని ఆలోచన నా బుర్రలోదేనా అని ఆశ్చర్యపోయే తీరిక కూడా లేదు, ఉప్పు వేయనా, మిరియాలు కాస్త చల్లనా అని ఆవిడ అడుగుతుంటే తల ఊపుతున్నాను. మూడింటి దాకా తను తినని ఆ గుడ్డుని ఆవిడ ఎంత ప్రేమగా ఒలిచిందో! తర్వాత ఇక్కడికి తీసుకొచ్చి పడుకోబెట్టింది. "వాడికి నువ్వే చెప్పాలి, నేను చెప్పను, అది మీ ఇద్దరి ముచ్చట. కానీ మూడింటికి అందరిలో ఒక్క మాట అంటానమ్మా, ప్రార్థనలో పెట్టాలి కదా" అంది. ఆ తలుపు దగ్గర నుంచుని అంది. నేను దుప్పట్లోంచి తల ఊపాను. తల ఊపడం నా వృత్తి అయిపోయింది ఇవాళ.

ఇంతకీ ఉపవాసమంటే నాకు గౌరవం లేదని కాదు. అబద్ధం. లేదు. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో, ఈస్టరు ముందు వచ్చే తపస్సుకాలంలో రెండు రోజులు ఒక్కపొద్దు ఉండేవాళ్ళం, శుక్రవారాలు మాంసం మానేవాళ్ళం, దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఇక్కడ ఉపవాసం తక్కువ, దాని గురించి మాటలు ఎక్కువ. మా బృందంలో హెడ్‌మిస్ట్రెస్ గారు ఒకావిడ, రిటైరైనా గొంతు రిటైర్ కాలేదు. శుక్రవారం సరిపోక బుధవారం కూడా మొదలుపెట్టింది, మొదలుపెట్టినట్టు ఎవరికీ చెప్పలేదు, చెప్పలేదన్న సంగతి మాత్రం అందరికీ చెప్పింది. ఇంకొకావిడకి నేను నీరసమ్మ అని పేరు పెట్టాను, మా ఆయన తప్ప ఈ పేరు ఎవరికీ తెలియదు, పడక మీద ఈ పేరు తలుచుకుని మేమిద్దరం దిండు నోట్లో కుక్కుకుని నవ్వుతాం. నీరసమ్మ గురువారం నాడు రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని బజారంతా చుట్టి వస్తుంది, శుక్రవారం నాడు గేటు దగ్గర నుంచే గోడ పట్టుకుని నడుస్తుంది. తలనొప్పి వచ్చినవాళ్ళది ఒక మెట్టు పైన, కళ్ళు తిరిగినవాళ్ళది రెండు మెట్లు, ఒకసారి కుట్టు మిషనావిడ నిజంగానే స్పృహ తప్పింది, ఆ రోజు మిగతావాళ్ళు ఆవిడ ముఖాన నీళ్ళు చల్లుతూనే ఎంత కుళ్ళుకున్నారో నేను కళ్ళారా చూశాను. ఉపవాసమున్నప్పుడు ముఖం కడుక్కుని, తలకి నూనె రాసుకుని, ఎవరికీ తెలియనివ్వకుండా ఉండమని ఏడాదికోసారి, తపస్సుకాలం మొదలయ్యే రోజున, గుడిలో చదువుతారు. సరిగ్గా ఆ రోజునే బూడిద పూయించుకోవడం కూడా ఉంటుంది. వీళ్ళు నుదుటి మీద బూడిదతో ఆ వాక్యం విని, ఆమెన్ అని, ఆ బూడిద సాయంత్రం దాకా చెరిగిపోకుండా చేత్తో చెమట కూడా తుడుచుకోకుండా ఇంటికి నడిచి వస్తారు.

నేను రోజూ ఉపవాసులనే చూస్తాను. అది నా ఉద్యోగం. రక్తపరీక్షల లాబ్‌లో కౌంటరు దగ్గర కూర్చుని పొద్దున ఆరు నుంచి వరసలో ఉన్నవాళ్ళని ఒకే ప్రశ్న అడుగుతాను: ఏమీ తినకుండా వచ్చారా? వాళ్ళ ఉపవాసంలో దేవుడు లేడు, అందుకే ఎంత నిజాయితీగా ఉంటుందో! విసుక్కుంటారు, ఆవులిస్తారు, సూది గుచ్చించుకోగానే ఎదురుగా ఉన్న టీ కొట్టుకి పరిగెత్తుతారు, ఒక్కరు కూడా గోడ పట్టుకుని నడవరు. అబద్ధాలాడేవాళ్ళూ ఉంటారు. మొన్న ఒక బస్సు డ్రైవరు, నీళ్ళు కూడా ముట్టలేదమ్మా అని ఛాతీ మీద చెయ్యి వేసుకుని చెప్పాడు, మీసాల మీద బిస్కెట్ పొడి ఉంది. రక్తంలో చక్కెర చూస్తే బిస్కెట్ ఒక్కటి కాదు, పొట్లమంతా ఉంది. అప్పటి నుంచి నాకొక దుర్మార్గమైన కోరిక, శుక్రవారం సరిగ్గా మూడింటికి మా బృందం మొత్తాన్ని వరసగా కూర్చోబెట్టి వేళ్ళు గుచ్చాలని. హెడ్‌మిస్ట్రెస్ గారి వేలు ముందు. నా వేలు... సరే, ఇవాళ నా వేలు గుచ్చితే రొట్టే గుడ్డూ రెండూ బయటపడతాయి.

ఈ ఇంట్లో నిజాయితీ ఉపవాసి మావయ్య ఒక్కడే, ఆయన ఉపవాసముండడు కాబట్టి. యాభైతొమ్మిది నిండిన మర్నాడు పొద్దున్నే శుక్రవారం వచ్చిందట, బల్ల దగ్గర కూర్చుని పేపరు విప్పి, చట్టప్రకారం నాకు వయసు దాటింది, నాలుగు రొట్టె ముక్కలూ రెండు గుడ్లూ అన్నాడట. "అసలు తిరుసభ ఒక్కపొద్దు పెట్టింది ఏడాదికి రెండే రోజులమ్మా. శుక్రవారం మాంసం వద్దంది, అంతవరకే చట్టం. మిగతాదంతా మీ అత్తయ్య సొంత ముద్ర వేసిన రాయి" అని నాతో అన్నాడు, తూనికరాళ్ళ భాష ఇంకా పోలేదు. శుక్రవారం ఆయన తింటున్నంతసేపూ పేపరు ముఖానికి అడ్డంగా ఉంటుంది, పేపరు వెనక నుంచి కరకరమని చప్పుడొస్తుంది, అత్తయ్య ఆ చప్పుడు విననట్టు జపమాల తిప్పుతుంది. మా ఆయన సంగతి వేరు. కళ్ళద్దాల కొట్లో పని, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. శుక్రవారం పొద్దున అమ్మ ముందు మంచినీళ్ళు తాగి, నీరసంగా ఒక నవ్వు నవ్వి బయల్దేరతాడు, పదకొండింటికి పక్కనున్న బేకరీలో చక్కెర బన్ను తింటాడు. నాకెలా తెలుసంటే, రెండో వారం ఆయన అద్దాలు తుడిచే గుడ్డ ఉతుకుతుంటే అందులో చక్కెర పలుకులు దొరికాయి. నిలదీస్తే చెవులు ఎర్రబడ్డాయి. "నీ తరఫున నేను తింటాను, నా తరఫున నువ్వు ఉపవాసముండు. సంసారమంటే పని పంచుకోవడమే కదే" అన్నాడు. అన్నందుకు గిల్లాను. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ గుడ్డ దులిపి, అరచేతిలో పడ్డ చక్కెర నాకుతాను. ఇంత పిచ్చి ఆనందం ఇంకోటి ఉంటుందా అనిపిస్తుంది. తాళం చెవి తలుపులో తిరిగే చప్పుడు, ఆయన చెప్పులు ఒకదాని మీదొకటి ఎక్కి పడుకునే తీరు, పలకరించకుండా నా కళ్ళద్దాలు తీసి ఊది తుడిచి మళ్ళీ నా ముక్కు మీద పెట్టడం. పదకొండు వారాలయింది, ప్రపంచం ఇంకా తుడిచిన అద్దంలోంచే కనిపిస్తోంది. శుక్రవారం మధ్యాహ్నం నా ఉంగరం కాస్త వదులవుతుంది, వేలి చుట్టూ తిప్పుకుంటూ ఉంటాను, ఉపవాసం వల్ల నాకు దొరికిన ఏకైక పుణ్యఫలం అదే.

ఇవాళ రాత్రి ఆయనకి ఏం చెప్పాలి? ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల మీద నీరసమ్మ ఆయన బుగ్గ పుణికి శుభం బాబూ అంటుంది. ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు, అద్దాలు పొగచూరుతాయి, అద్దాలు తీసి తుడుచుకుంటాడు, అవి లేకుండా ఆయన కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా ఉంటాయి. ఆ కళ్ళతో నా వైపు తిరుగుతాడు. ఆ ఒక్క చూపు కోసమైనా ఇప్పుడే లేచి వెళ్ళి అరిచి చెప్పాలి. కానీ ఇంకో ఆలోచన కూడా వస్తోంది, వెచ్చగా, దుప్పటి కింది నుంచి. ఒక నెల ఆగితే? వచ్చే నెల నిజమే కావచ్చు. మేమేమీ ఉపవాసాలుండడం లేదు ఆ విషయంలో. ఒక నెల అటూ ఇటూ అయితే ఎవరికి తెలుస్తుంది, బిడ్డ కాస్త ఆలస్యంగా పుట్టిందంటారు, మావయ్య తప్ప ఎవరూ లెక్క చూడరు. ఒకవేళ వచ్చే నెల కాకపోతే, పోయిందని చెప్పవచ్చు. పోయిందని! ఛీ. ఈ మాట నా బుర్రలోకి రావడమే చాలు, నేను నీరసమ్మ కన్నా ఎన్ని మెట్లు కిందున్నానో తెలియడానికి. ఆవిడ గోడ పట్టుకుని నటిస్తుంది, ఆ గోడ అయినా నిజంగా ఉంది.

పోయిన బిడ్డ మీద మాత్రం నేను ఎప్పుడూ నవ్వలేదు. ఈ ఇంటి ఉపవాసమంతటికీ మూలం అదే, దాన్ని తాకకుండా మిగతా అన్నిటినీ వెక్కిరిస్తాను. అత్తయ్య కాపురానికి వచ్చిన కొత్తలో ఇక్కడ శుక్రవారమంటే ఒంటిపూట భోజనమే, పెద్దత్తగారి రోజుల్లో. తొలి బిడ్డ కడుపున పడింది. మూడో నెలలో విశ్రాంతికని పుట్టింటికి వెళ్ళింది, అక్కడే పోయింది. పదిహేను రోజుల తర్వాత తిరిగొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, ఆ వారం నుంచే రొట్టే నీళ్ళూ మొదలుపెట్టింది. మూడింటి దాకా నీళ్ళు, మూడింటికి ముక్క. ముప్పై రెండేళ్ళు. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒకరొకరే వచ్చి పక్కన మోకరించారు, అలా బృందమయింది. ముందు గదిలో మరియమ్మ విగ్రహం పక్కన ప్రతి శుక్రవారం ఒక చిన్న కొవ్వొత్తి, తొలి బిడ్డ కోసం. ఆ బిడ్డకి పేరు లేదు, వదిన అక్కా అనుకుంటుంది, మా ఆయన అన్నయ్యా అనుకుంటాడు. ఆ కొవ్వొత్తి ముందు నేను కూడా తల వంచుతాను. హెడ్‌మిస్ట్రెస్ గారు ఆ క్షణంలో గొంతు తగ్గిస్తుంది, అదే ఆ బిడ్డ చేసిన మొదటి అద్భుతం.

రెండూ ముప్పై ఆరు. గేటు చప్పుడు. వస్తున్నారు. చెప్పుల చప్పుళ్ళతో లెక్కపెట్టవచ్చు, ఆ ఈడుస్తున్న జత నీరసమ్మది.

"అబ్బబ్బ, ఇవాళ మరీ కళ్ళు బైర్లు కమ్ముతున్నాయండీ."

"నీళ్ళు తాగారా?"

"పొద్దున ఒక గుక్క. అంతే."

"నాకు అదీ లేదు" అని హెడ్‌మిస్ట్రెస్ గారు. గెలిచింది. ఓడినవాళ్ళు కుర్చీలు సర్దుకుంటున్నారు. "కొత్త కోడలు ఏదండీ?"

"పడుకుంది." అత్తయ్య గొంతు. ఆ గొంతులో ఎంత దాచుకున్నా దాగని ఒక గంతు. "ప్రార్థన మొదట్లో ఒక మాట చెబుతాను మీకు. ఇప్పుడడక్కండి."

"ఏంటండీ? ఏంటి? అయ్యో, చెప్పరేం!" నీరసమ్మ నీరసం ఎటు పోయిందో. గుసగుసలు. ఎవరో నవ్వారు. పక్క గదిలో మావయ్య పేపరు మడిచిన చప్పుడు, మళ్ళీ విప్పిన చప్పుడు.

ఆవిడ గొంతులో ఆ గంతు విన్నాక నాకు గుడ్డు గొంతులోకి వచ్చింది. పదకొండు వారాలుగా ఆవిడ గొంతు నేను వింటున్నాను, జపమాల పూసల్లా ఒకటే సైజు మాటలు. ఇవాళ మొదటిసారి ఒక మాట పెద్దగా ఉంది. నేను ఇన్నాళ్ళూ వీళ్ళనెందుకు అసహ్యించుకుంటున్నాను? కడుపు ఖాళీగా ఉందని చెప్పుకుని గొప్ప సంపాదిస్తున్నారని. మరి నేను చేస్తున్నదేమిటి? కడుపు ఖాళీగా లేదని చెప్పకుండా చెప్పి, గుడ్డూ దుప్పటీ రెండు దిండ్లూ సంపాదించాను. వాళ్ళ నటనకి రొట్టె ముక్క కూలి, నా నటనకి ఎక్కువే గిట్టింది. కాలేజీలో చదువుకుని, రక్తంలో అబద్ధాలు పట్టే ఉద్యోగం చేస్తూ, నా అంత చవగ్గా అమ్ముడుపోయినవాళ్ళు ఎవరూ లేరు. మిగతా సగం గుడ్డు వైపు చూశాను. పచ్చసొన మధ్యలో గుండ్రంగా, నన్నే చూస్తున్న కన్నులా. తినలేదు. ఇంకా ఆకలిగానే ఉంది, అది కూడా చెప్పాలి కదా నిజం చెప్పేటప్పుడు.

రెండూ యాభై రెండు. తలుపు తెరుచుకుంది. అత్తయ్య. చేతిలో నాకోసం నీళ్ళ గ్లాసు. "లేవగలవా? లేకపోతే ఇక్కడే ఉండు, నేను చెప్పేస్తాను" అంది, చేత్తో నా జుట్టు సర్దుతూ. ఆ చెయ్యి చల్లగా ఉంది, పొద్దున్నుంచి తినని చెయ్యి.

"అత్తయ్యా, ఏమీ లేదు" అన్నాను. దిండ్ల మీద నుంచి కాళ్ళు దించాను, పడుకుని చెప్పే మాట కాదు. "కడుపూ లేదు ఏమీ లేదు. పొద్దున్నే బయట చేరాను. ఆకలేసి తిన్నాను. మీరు అనుకుంటున్నారని తెలిసి కూడా ఊరుకున్నాను."

గ్లాసు స్టూలు మీద పెట్టింది, పళ్ళెం పక్కన. వెనక్కి తిరిగి వెళ్ళి తలుపు మూసింది. మూసి, తలుపుకి వీపు ఆనించి అక్కడే నుంచుంది. ఏడుస్తుందనుకున్నాను. హడావుడిగా ఏదేదో అనబోయాను, క్షమించండి అనబోయాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది.

"గంటన్నర లోపలే చెప్పావు" అంది. "నేను చెప్పలేదు."

"మీరు... ఏం చెప్పలేదు?"

"నేనూ ఒక శుక్రవారం నుంచుని రొట్టె ముక్క తింటుంటే మా అత్తగారు ఇలాగే కుర్చీ వేసింది. వంటింట్లో అదే చోట. ఇలాగే గుడ్డు ఉడికించింది." ఆవిడ చూపు పళ్ళెం మీద ఉంది. "అప్పట్లో నాకు ఒకటే ఆకలి, పంతొమ్మిదేళ్ళ ఆకలి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఈలోగా వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, దీవెనలు. మీ మావయ్య ఉయ్యాల కొని తెచ్చాడు. మూడో నెలకి ఇంక దాగదని పుట్టింటికి పోయాను."

ముందు గదిలో ఎవరో కొవ్వొత్తి వెలిగిస్తున్నారు, అగ్గిపుల్ల గీసిన చప్పుడు తలుపు ఇవతలికి వినబడింది.

"మరి తొలి బిడ్డ?" అన్నాను.

"ఏ బిడ్డ?" అంది అత్తయ్య.

ముప్పై రెండేళ్ళు, ఏడాదికి యాభై రెండు శుక్రవారాలు, ఎనిమిది మంది ఆడవాళ్ళు, తలనొప్పులూ కళ్ళు తిరగడాలూ పోటీలూ కొవ్వొత్తులూ, వదిన అక్కా, మా ఆయన అన్నయ్యా, ఇదంతా దేని మీద నిలబడి ఉంది? ఒక ముక్క మీద. ఆకలేసిన పిల్ల నిలబడి తిన్న ఒక ముక్క మీద. నాకు నవ్వు రావాలి. వస్తోంది కూడా, పొత్తికడుపు నొప్పిలోంచి పైకి తన్నుకుంటూ వస్తోంది. ఇంతకన్నా వెక్కిరింపుకి పనికొచ్చే సంగతి నా జన్మలో దొరకదు. కానీ ఆవిడ ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేసి ఈ తప్పు ఒప్పుకుందో లేదో, ఒప్పుకుని ఉంటే ఆయన ఏం శిక్ష వేశాడో, మూడు మంగళవార్త జపాలు వేసి ఉంటాడు, మిగతాదంతా ఆవిడ తనే వేసుకుంది, తన తక్కెట్లో తనే, ఏ ఇన్‌స్పెక్టరూ తనిఖీ చేయని తక్కెట్లో. పక్క గదిలో పేపరు చదువుతున్న ఇన్‌స్పెక్టరు ఆ ఉయ్యాలని ఏం చేశాడో నేను అడగలేదు.

"ప్రతి శుక్రవారం అనుకుంటాను, ఇవాళ్టితో తీరిపోయిందేమోనని" అంది ఆవిడ. "తీరదు. తీరితే ఆకలేయాలి కదా. నాకు ఆకలే తెలియడం లేదు ఎన్నాళ్ళుగానో."

అని మంచం దగ్గరికి వచ్చింది. స్టూలు మీది పళ్ళెం వైపు వంగింది. నేను గడియారం వైపు చూశాను, ఎందుకో తెలియదు, లాబ్ అలవాటు, ఎవరేం చేసినా టైము రాసుకోవాలి. రెండూ యాభై ఏడు. మా అత్తయ్య ఆ సగం గుడ్డు రెండు వేళ్ళతో తీసుకుని నోట్లో వేసుకుంది. మొత్తం ఒకేసారి. రెండు బుగ్గలూ ఉబ్బాయి. నుంచుని, కళ్ళు మూసుకుని నమిలింది. మింగింది. నాకోసం తెచ్చిన గ్లాసే ఎత్తి నీళ్ళు తాగింది.

"ఉప్పు తక్కువైంది" అంది. "నువ్వు చెప్పాల్సింది కదా."

మూడు కొట్టేసరికి మేమిద్దరం ముందు గదిలో మోకాళ్ళ మీద ఉన్నాం. మూడు గంటలూ కొట్టేదాకా ఎవరూ కదల్లేదు, తర్వాత నీరసమ్మ ఒక్కతే కళ్ళు తెరిచి, "ఏదో చెప్తానన్నారుగా" అంది, ఒంట్లో ఉన్న శక్తంతా ఆ ఆరాటంలోనే పెట్టుకుని. అత్తయ్య నా వైపు చూడలేదు. నేనే చెప్పాను, "నేను చెబుతానండీ. నాకు ఆకలేసి నా ముక్క ముందే తినేశాను. అదే విషయం." హెడ్‌మిస్ట్రెస్ గారి కనుబొమలు జుట్టులోకి వెళ్ళిపోయాయి. "ఆకలేస్తేనే కదమ్మా దాన్ని ఉపవాసమంటారు! ఆకలేయకపోతే అది మామూలు రోజు" అంది, క్లాసు మొత్తానికి వినబడేట్టు. పక్కన ఇద్దరు తలలాడించారు. వీళ్ళని చూస్తే నాకింకా ఒళ్ళు మండుతుంది, దేవుడా, ఈ గంటలో అదేమీ మారలేదు.

ప్రార్థన అయింది. అత్తయ్య గుడ్డ తీసి పళ్ళెం పట్టుకుని తిరిగింది. ఏడుగురికి ఏడు ముక్కలు. ఎనిమిదోది ఆవిడది. దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మరి మీకండీ?" అంది కుట్టు మిషనావిడ.

"నాకొద్దు" అంది అత్తయ్య. "నాకు ఆకలిగా లేదు."

నీరసమ్మ ముక్క కొరకబోయినది కొరకకుండానే దించేసి, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. "చూశారా! ఆ ముక్క కూడా! కోడలికిచ్చేసి... ఎంత తపస్సు తల్లీ, మీ ముందు మేమెంత!" అంటూ నిజంగానే ఏడ్చేసింది. హెడ్‌మిస్ట్రెస్ గారు తన చేతిలోని ముక్కని ఒక్క క్షణం చూసుకుంది, అది సగం అప్పటికే అయిపోయింది. "వచ్చే వారం నుంచి మనమందరమూ ముక్క మానేద్దాం" అని ప్రకటించింది, ఓడిపోవడం అలవాటు లేని గొంతుతో. అందరూ సరే అన్నారు. పక్క గదిలో పేపరు వెనక కరకర ఆగి, మళ్ళీ మొదలయింది.

కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది. ఆ వెలుగులో చూశాను, అత్తయ్య పెదవి చివర పచ్చసొన ఒక చిన్న నలుసు. ఇంతమంది పరిశీలకుల్లో ఒక్కరికీ కనబడలేదు, అందరూ ఆవిడ పవిత్రతని చూస్తున్నారు. నేను నా పెదవి చివర వేలితో తాకి చూపించాను. ఆవిడ తల వంచింది, మరీ కిందికి, గడ్డం ఛాతీకి తగిలేదాకా. ప్రార్థిస్తోందనుకుని మిగతా ఏడు తలలూ వంగాయి. నాలుక కొస వచ్చి ఆ నలుసుని తీసుకుపోయింది.

రాత్రి మా ఆయన వస్తాడు, నేను అద్దాల గుడ్డ దులుపుతాను, అరచేతిలో చక్కెర పడుతుంది, గుడ్డు సంగతి చెబుతాను. సగం గుడ్డు సంగతి. మిగతా సగం నేను తినలేదు కాబట్టి చెప్పడానికి నాది కాదు. చేతిలో ఉన్న ముక్క పలచగా ఉంది, అంచులు ఎండిపోయాయి. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. కొరికాను. నాకు ఎంత ఆకలిగా ఉందో!